కింద పెట్టించే పుస్తకం

బస్సు టైరు పేలిన చోట నీడ లేదు. డ్రైవరూ కండక్టరూ చక్రం పక్కన గొంతుక్కూర్చుని ఒకరి తప్పు ఒకరు ఎంచుకుంటున్నారు. మిగిలినవాళ్ళం ఎవరి తాహతుకు తగిన రాయి వాళ్ళు చూసుకుని చతికిలబడ్డాం. ఊరూరా తిరిగేవాడికి టైరు పేలడం పెద్ద కష్టమేమీ కాదు. ప్రయాణంలో మనుషులు కనబడేది బండి ఆగినప్పుడే. కదిలే బస్సులో అందరూ ముందు సీటువాడి వీపు చూస్తారు. ఆగిన బస్సు పక్కన ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

అలా చూడగా కల్వర్టు గోడమీద ఒకావిడ కనిపించింది. అరవైకి దగ్గర పడ్డ మనిషి. మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు, కాళ్ళ దగ్గర గోనెసంచి, సంచి నిండా పుస్తకాలు. కిటికీ సీటు కోసం దారంతా జుట్లు పట్టుకున్న అక్కాచెల్లెళ్ళిద్దరు ఆవిడ ముందు బుద్ధిగా నిలబడి ఉన్నారు. ఆవిడ ఒక పుస్తకం తీసి మధ్యలో ఎక్కడో విప్పి వాళ్ళ చేతికిచ్చింది. పిల్లలు తలలు ఆనించి చదవడం మొదలెట్టారు. ఎంత శ్రద్ధగా చదివారంటే, పక్కనుంచి లారీ హారన్ కొట్టుకుంటూ పోయినా తలెత్తలేదు. చూడముచ్చటగా ఉంది. నాకు ముచ్చటేసిందిగానీ ఆవిడ మొహం వాడిపోయింది. మెల్లగా పుస్తకం లాక్కుని ఎడమవైపు పెట్టేసింది.

రెండోది ఇచ్చింది. పల్చటి పుస్తకం, పేజీకి రెండు మూడు వాక్యాలకంటే ఎక్కువ లేవు. పిల్లలు ఒక పేజీ చదివారు. చిన్నది పుస్తకాన్ని గడ్డిలో పడేసి, లేని తలుపు ఒకటి గాలిలో పట్టుకుని, తెరవాలా వద్దా అన్నట్టు నిలబడింది. పెద్దది ఆ తలుపుకు అవతల చేరి, చెవి ఆనించి వింటోంది. పుస్తకం సంగతి ఇద్దరికీ గుర్తులేదు. ఆవిడ దాన్ని గడ్డిలోంచి తీసి, దుమ్ము దులిపి, బిడ్డకు తల దువ్వినంత మురిపెంగా కుడివైపు పెట్టుకుంది.

నేను ఊరుకోలేకపోయాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు, నాకు ఆ దురద పుట్టుకతోనే ఉంది. దగ్గరికి వెళ్ళి, చదివించే పుస్తకాన్ని పక్కనపెట్టి, పారేయించే పుస్తకాన్ని దాచుకుంటున్నావేమిటమ్మా అని అడిగాను. పుస్తకాన్ని మెచ్చుకోవడానికి మన భాషలో ఉన్న పెద్ద మాట 'పట్టుకుంటే కింద పెట్టలేదు' అన్నది. అన్నం మాడబెట్టినవాళ్ళూ, రైలు తప్పిపోయినవాళ్ళూ, పెళ్ళిచూపుల్లో పిల్లను చూడ్డం మరిచిపోయినవాడొకడూ నాకు తెలుసు, అందరూ కింద పెట్టలేని పుస్తకాల బాధితులే.

ఆవిడ గొంతు విన్నాక తెలిసింది, దగ్గరికి రాకపోతే ఏమీ వినబడదని. గుసగుసగా మాట్లాడుతుంది. కానీ ఒక్క అక్షరం పోదు.

"నాది నాటకం పీరియడ్ అన్నయ్యగారూ," అంది. "చదవడానికి వాళ్ళకి మిగతా రోజంతా ఉంది. ఇదొక్కటే లేచి నిలబడడానికి. కింద పెట్టబుద్ధికాని పుస్తకం నాకెందుకు? కింద పెట్టించేది కావాలి."

అప్పుడు కూర్చున్నాను పక్కనే. టైరు బిగించేలోగా ఆవిడ సంగతంతా విన్నాను. అక్కడా ఇక్కడా తర్వాత విన్నదీ కలిపి చెబుతున్నాను.

బడిలో పిల్లలు ఆవిడను గుసగుస టీచర్ అంటారు. ఆ గొంతు బడిలో వచ్చింది కాదు. వయసులో ఉండగా ఆవిడ ఊళ్ళు తిరిగే నాటక సమాజంలో ప్రాంప్టర్. పక్కతెర వెనక స్టూలు మీద కూర్చుని, నటుడు మాట మరిచిపోయినప్పుడు అందించడం పని. జనానికి వినబడకూడదు, నటుడికి వినబడి తీరాలి. ఆ సమాజంలో కథానాయకుణ్ణి సింహంగారు అనేవారట. గొంతుకు ఆ పేరు వచ్చింది, జ్ఞాపకశక్తికి మాత్రం కాదు. ఒక్క సంభాషణా కంఠతా పట్టేవాడు కాదు. ఆవిడ నోట్లో మాట ఆయన నోట్లోకి దూకాలి, అంతే. మధ్యలో బుర్రతో పనిలేదు.

ఒకనాడు వానచెమ్మకు నాటకం ప్రతిలో పేజీలు అంటుకుపోయాయి. యుద్ధఘట్టం. సింహంగారు కత్తి దూసి, ఛాతీ పొంగించి, ఎడమచెవి ఇటు పడేసి సిద్ధంగా ఉన్నాడు. ఆవిడ కంగారులో తనలో తాను అనుకున్నది పైకే అనేసింది. సింహంగారు సేనాపతివైపు కత్తి చూపించి మంటపం దద్దరిల్లేలా గర్జించాడు:

"ఉండు! పేజీ అంటుకుపోయింది!"

సేనాపతి పాత్ర వేసినవాడు గడుసువాడు. మోకాలి మీద వంగి, "అయితే చించేద్దాం ప్రభూ" అన్నాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు. తర్వాతి ఊళ్ళో నాటకం పెట్టించినాయన మొదట అడిగిన మాటే, ఆ పేజీ డైలాగు ఉంటుందా లేదా అని.

ఈ ముక్క చెప్పి ఆవిడ నవ్వలేదు, నేను నవ్వడం అయ్యేదాకా ఆగింది. ప్రాంప్టర్లకు ఆ ఓపిక ఉంటుంది కాబోలు. పుస్తకం ఎంత గొప్పదైనా ఇద్దరి మధ్య అంటుకుపోతే ఏమవుతుందో తనకు అప్పుడే తెలిసిందట.

సమాజంలోనే తెర లాగే మనిషిని పెళ్ళాడింది. ఒకరు తెర వెనక, ఒకరు తెర పక్కన, ఇద్దరి మొహాలూ ఏ ఊరివాళ్ళూ ఎరగరు. ఆయన పోయాడు, సమాజమూ మూతపడింది. ఆయన తమ్ముడు, అంటే ఈవిడ మరిది, ఒక బడికి హెడ్మాస్టరు. వదినను తీసుకొచ్చి ముందు గ్రంథాలయంలో కూర్చోబెట్టాడు. అక్కడ పిల్లలు చదువుతూ చదువుతూ లేచి గంతులేస్తున్నారని ఫిర్యాదులు వస్తే, ఆటసామాను పెట్టే గది ఖాళీ చేయించి, శుక్రవారం ఆఖరి పీరియడ్‌కు నాటకం అని పేరుపెట్టాడు.

ఇప్పుడు ఆ పీరియడ్‌కే గండం వచ్చింది. ఇన్‌స్పెక్టరమ్మ ఒకామె వస్తోంది. ఆమె పైనుంచి మోసుకొస్తున్న మాట ఒక్కటే, పుస్తకాల్లేని సబ్జెక్టు సబ్జెక్టు కాదు. తరగతి గదిలో పనికొచ్చే పుస్తకాలు ఉన్నాయని ఆమెకు నమ్మకం కలగాలి, లేకపోతే ఆ గంట లెక్కలకు వెళ్ళిపోతుంది. లెక్కల మాస్టారు అప్పుడే తన కుర్చీ ఆ గదిలో వేయించేసుకున్నాడట. ఆలస్యం అమృతం విషం అనుకునే మనిషి.

"ఇన్నేళ్ళూ నా నోటిమాట ఇంకొకళ్ళ నోట్లోంచి విన్నాను. ఆ గదిలో ఆ ఒక్క గంటా పిల్లల మాట పిల్లల నోటే వింటున్నాను," అంది. తర్వాత మాట మార్చేసి ఇంకో పుస్తకం తీసింది.

పెద్ద ఊళ్ళో దుకాణంవాడు మంచివాడు. సంచినిండా ఇచ్చి, కావలసినవి ఉంచుకుని తక్కినవి తిప్పి పంపమన్నాడు. అందుకే దారి పొడుగునా ఈ ఏరుడు, ఒక్కో పుస్తకమూ ఆ పిల్లల చేతికిచ్చి చూశాకే. నేనూ పుస్తకాలు తిన్న చెదపురుగునే కదా, సలహాలు ఇవ్వబోయాను. లావుపాటి నాటక చరిత్ర ఒకటి బంగారు అక్షరాలతో మెరుస్తుంటే, ఇది ఉంచమ్మా, అల్మారాకు అందం అన్నాను. చదివితే మాస్టారికి డిగ్రీ వస్తుంది, పిల్లలకు నిద్ర వస్తుంది అంది. పది నాటికలున్న సంపుటి చూపించాను. ఆవిడ పేజీలు తిప్పి పాత్రల పట్టిక మీద వేలుపెట్టింది. ఒక రాజు, ఒక రాణి, ఇద్దరు మంత్రులు, తక్కినవాళ్ళు జనం.

"నా క్లాసులో నలభైమంది. అందులో ముప్పయ్యారుగురు జనం అయితే అది నాటకం కాదు, ఎన్నికల సభ."

ఇంకొకదాంట్లో ముసుగుల బొమ్మలు రంగుల్లో అచ్చువేశారు. అవి చేయాలంటే దర్జీనీ వడ్రంగినీ పిలవాలి. ఒకదాంట్లో ప్రతి ఆటా గట్టిగా అరవడంతో మొదలవుతుంది. గోడకు అవతల లెక్కల మాస్టారున్నాడు, కోరి కొరివితో తల గోక్కోవడమే. మరొకదాన్ని మాత్రం చాలాసేపు ఒళ్ళో పెట్టుకుంది. నటించడం చేతకాని టీచర్ల కోసం ఎవరో టీచరే రాసిన పుస్తకం. ఏం చేయించాలి, ఎక్కడ ఆపాలి, పిల్లలు నవ్వి పాడుచేస్తే ఏం చేయాలి, అన్నీ ఇంటి మనిషి చెప్పినట్టు చెప్పారు. తనకు జ్వరమొచ్చిన శుక్రవారం డ్రాయింగు మాస్టారు దీన్ని చూసి క్లాసు నడపగలడు. టీచరు లేకపోయినా నిలబడేదే మంచి పుస్తకం అంది. అది కుడివైపు చేరింది.

ఇంతలో పెద్దపిల్ల సంచి అడుగునుంచి ఒకటి లాగి పేరు పైకి చదివింది. 'పాత్రలు: ఎంపిక, వాడకం, సంరక్షణ.'

నేను సంతోషించాను, ఇదేదో నటులకు పనికొచ్చేది అని. అట్ట చూస్తే, మూత పెట్టిన గిన్నె బొమ్మ ఉంది.

ఆవిడ మొదట తెల్లబోయింది, తర్వాత గుర్తొచ్చి తల కొట్టుకుంది. దుకాణంలో గుమస్తా నిచ్చెన మీద ఉన్నాడు, ఈవిడ గుసగుసగా కింద ఉంది. పాత్రల మీద ఏమున్నా వెయ్యి బాబూ అంది. చిన్నవా పెద్దవా అని అడిగాడు వాడు. ఈవిడ నాటకంలో చిన్నపాత్రలూ పెద్దపాత్రలూ అనుకుని, రెండూ కావాలి గానీ పిల్లలు మొయ్యగలిగేలా ఉండాలి అంది. వాడు ఇంకేమీ అడగలేదు. ఏం అనుకున్నాడో వాడు అనుకున్నాడు.

మన భాష చేసిన చిలిపి ఇది. నాలుగు దేశాలు తిరిగాను, నటుడు వేసేదానికీ నీళ్ళు పోసేదానికీ ఒకే మాట ఉన్నచోటు మన దేశం దాటితే ఎక్కడా నా కంటపడలేదు. అపాత్రదానం అన్నప్పుడు అందులో ఉన్నది మనిషో గిన్నో ఎవరైనా ఆలోచించారా? సరే, నా సొద అటుంచితే, ఆవిడ ఆ పుస్తకాన్ని పిల్లలకు ఇవ్వకుండానే ఎడమవైపు పడేసింది. దీనికి పరీక్ష కూడానా అంది.

బస్సు బాగైంది. నా టిక్కెట్టు ఇంకా చాలా దూరానికి ఉంది. కానీ సంచి బరువుగా ఉంది, కథ సగంలో ఉంది. ఆవిడ దిగినచోటే దిగిపోయాను. ఆ ఊళ్ళో నాకు పాత లాడ్జి ఒకటి తెలుసు, గోడలకు తడీ, యజమానికి మరుపూ ఎక్కువ.

మరిదిగారు మంచి మనిషి. ఆయనకొక విచిత్రమైన అలవాటుంది. బడి గేటు ఇవతల 'వదినా', గేటు అవతల 'టీచర్‌గారూ'. గేటు మధ్యలో నిలబడి మాట్లాడాల్సి వస్తే 'ఏవండీ' అనేవాడు. ఆవిడ కూడా తక్కువ తినలేదు, ఇంట్లో 'ఒరేయ్' అని, గేటు దాటగానే 'సార్' అనేది.

నేను బడికి వెళ్ళేసరికి ఇద్దరూ నాటకం గదిలో అల్మారా ముందు నిలబడి ఉన్నారు. బెంచీలన్నీ గోడలకు జరిపి ఉన్నాయి, నేలమీద సుద్దముక్కతో గీసిన తలుపులు, కిటికీలు, ఒక నది. మూలన లెక్కల మాస్టారి కుర్చీ, దాని కాళ్ళు సరిగ్గా నది మధ్యలో ఉన్నాయి. అల్మారా పెద్దది, అద్దాల తలుపులది. అందులో ఆవిడ ఏరి ఉంచినవి జానెడు మేర కూడా లేవు. తక్కినదంతా ఖాళీ. పళ్ళూడిన నోరు ఆవలించినట్టుంది.

గేటుకు లోపలే అయినా మరిదిగారు ఆ కంగారులో నియమం మరిచిపోయాడు.

"వదినా, అంత పెద్ద సంచి తెచ్చి ఇన్నేనా? ఆమె వచ్చి చూస్తే ఏమనుకుంటుంది?"

"పనికొచ్చేవి ఇన్నే ఉన్నాయి సార్."

"అన్నయ్య తెర లాగేవాడు. నువ్వు నా ప్రాణం లాగుతున్నావు."

"తెర లాగినప్పుడు కూడా మీ అన్నయ్య ఇంత మూలగలేదు."

ఆయన నవ్వాడు గానీ నిమ్మళించలేదు. ఆ సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళాక, తిప్పి పంపడానికి కట్టిన మూటను విప్పాడు. మంచికే చేశాడు. బంగారు అక్షరాల చరిత్ర, రాజూ రాణీ జనం సంపుటి, ముసుగుల పుస్తకం, అన్నీ అల్మారాలోకి ఎక్కాయి. పుస్తకాల వీపుల మీద పేర్లు చూసుకుంటూ సర్దుతుంటే 'పాత్రలు' అన్న మాట కనబడింది. దాని తర్వాత మాటలు చిన్న అక్షరాల్లో ఉన్నాయి. నాటకానికి పాత్రలకంటే ముఖ్యమైనవేముంటాయి? దాన్ని కంటికెదురుగా నడి అరలో, ముందుకు తిప్పి నిలబెట్టాడు. అట్టమీది గిన్నె ఆయనకు కనబడలేదా అంటే, హెడ్మాస్టర్లు అట్టలు చూస్తారా?

మర్నాడు శుక్రవారం, ఆఖరి పీరియడ్. అతిథినని నన్ను గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు. పిల్లలు నేలమీద, గోడల వెంట. గుసగుస టీచర్ వెనకాల కిటికీ పక్కన నిలబడింది, అది ఆవిడకు ఇష్టమైన చోటట. అందరి వీపులూ కనబడతాయి, మాట అందించడానికి వీలు. అల్మారా నిండుగా ఉండడం చూసి ఆవిడ మరిదివైపు ఒక చూపు చూసింది. ఆయన చూపు తప్పించి చొక్కా కాలరు సర్దుకున్నాడు. నడి అరలో గిన్నె బొమ్మ చూసి ఆవిడ రెండడుగులు ముందుకు వేసింది కూడా. అప్పటికే ఇన్‌స్పెక్టరమ్మ లోపలికి వచ్చేసింది.

చురుకైన మనిషి, మాట పొదుపు. తిన్నగా అల్మారా దగ్గరికి వెళ్ళి, తలుపు తీసి, నడి అరలో ఉన్నదే చేతిలోకి తీసుకుంది. పేరంతా మెల్లగా, చిన్న అక్షరాలతో సహా చదివింది. అట్ట చూసింది. తర్వాత హెడ్మాస్టరును చూసింది.

ఇదీ నాటకం పుస్తకమేనా అని అడిగింది. ఆయన ఇంకా వీపు మీది ఒక్క మాటనే నమ్ముకుని ఉన్నాడు. అవునండీ, పాత్రల గురించి చాలా లోతుగా రాశారు అన్నాడు.

"లోతుగానే ఉంది," అంది ఆమె పేజీ తిప్పుతూ. "లోతు పాత్రలకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఇచ్చారు."

హెడ్మాస్టరు ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు. ఆ తర్వాత ఆయన మొహం నేను వర్ణించను, పాపం. కిటికీ బయట వసారాలో లెక్కల మాస్టారు ఏదో పనున్నట్టు అటూ ఇటూ నడుస్తున్నవాడు కాస్తా ఆగాడు. పీరియడ్ పోయినట్టేనని నాకే అనిపించింది.

ఇన్‌స్పెక్టరమ్మ ఊరికే వదలదలుచుకోలేదు. తరగతికి వినబడేలా ఒక వాక్యం చదివింది. పలుచని అడుగున్న పాత్ర తొందరగా వేడెక్కును, తొందరగా మాడును.

నేను గుసగుస టీచర్‌ను చూస్తున్నాను. ఏదైనా సంజాయిషీ చెబుతుందనుకున్నాను. ఆవిడ పెదవులు కదిలాయి గానీ అది సంజాయిషీ కాదు. తన ముందు గోడవార కూర్చున్న పిల్లవైపు వంగింది. ముక్కుమీద కోపం ఉండే పిల్ల, తోటివాళ్ళు చిటపట అని పిలుస్తారు.

"అది నువ్వే," అంది.

చిటపట లేచింది. నడుముకు చేతులు ఆనించి నిలబడింది. ఎవరూ ఏమీ అనకుండానే ముక్కుపుటాలు అదిరాయి, బుగ్గలు ఉబ్బాయి, క్షణంలో భగ్గుమని మండి, మరుక్షణంలో మసిబారి కూలబడింది. క్లాసు గొల్లుమంది. ఇన్‌స్పెక్టరమ్మ నవ్వలేదు. చూద్దాం అన్నట్టు తర్వాతి వాక్యం చదివింది. మందమైన అడుగున్న పాత్ర ఆలస్యముగా వేడెక్కును, దించిన పిమ్మట కూడా వేడిని నిలుపుకొనును.

ఈసారి మాట అందించనక్కర్లేకపోయింది. బొద్దుగా ఉన్న పిల్లవాడొకడు తాపీగా లేచాడు. పక్కవాళ్ళు గిల్లారు, పలకలేదు. పొడిచారు, పలకలేదు. చాలాసేపటికి కళ్ళు ఎర్రబడ్డాయి. అప్పుడు మొదలైన కోపం, అందరూ వాణ్ణి సముదాయించి కూర్చోబెట్టాక కూడా తగ్గలేదు. కూర్చునే ఉడుకుతున్నాడు. అత్తమీది కోపం దుత్తమీద అంటారు కదా, అక్కడ దుత్తకే కోపం వచ్చింది.

పాత్రను అంచుదాకా నింపరాదు, పొంగుటకు చోటుంచవలెను అని చదివితే, ఒక వరస పిల్లలంతా సుద్దగీత లోపల ఇరుక్కుని పొంగి నదిలోకి ఒలికిపోయారు. లెక్కల మాస్టారి కుర్చీ ఆ వరదలో గుమ్మం దాకా కొట్టుకొచ్చింది. నలభైమందిలో 'జనం' ఒక్కరూ లేరు. మూకుడు, గరిటె, ఓటికుండ, మూతపోయిన డబ్బా, అందరికీ అందరూ పాత్రలే.

తర్వాత వచ్చిన వాక్యం నాకు ఇప్పటికీ గుర్తుంది. సొట్టపడిన పాత్రను పారవేయనక్కరలేదు, లోపలినుండి మెల్లగా తట్టవలెను.

సందడి తగ్గింది. చిన్నపిల్ల ఒకతె భుజం కుంగదీసుకుని మధ్యలో కూర్చుంది. అదే సొట్ట. ఇంకొకతె దగ్గరికొచ్చి భుజం మీద తట్టబోయి ఆగింది. బయటనుంచి తడితే సొట్ట ఇంకా లోపలికి పోతుంది కదా. లోపలికి వెళ్ళేదెలా? చుట్టూ తిరిగి చూసింది. చివరికి మోకాళ్ళ మీద కూర్చుని, చెవి దగ్గర నోరుపెట్టి, ఏదో గుసగుసలాడింది. ఏమందో మాకు వినబడలేదు. కుంగిన భుజం కొంచెం కొంచెంగా లేచి సమానమైంది.

ఆ విద్య పిల్లకు ఎవరు నేర్పారో అడగనక్కర్లేదు. నేర్పినావిడ కిటికీ దగ్గర ఒక చేత్తో ఊచ పట్టుకుని నిలబడి ఉంది.

ఇన్‌స్పెక్టరమ్మ గొంతు సవరించుకుంది. పేజీ తిప్పి, కొలపాత్ర ఎవరు అని అడిగింది. పిల్లలంతా ఒక్కసారిగా కిటికీవైపు తలలు తిప్పారు. బయట వసారాలో ఉన్న లెక్కల మాస్టారు వెనక్కి చూసుకున్నాడు, తన వెనక ఎవరూ లేరు. ఏం చేస్తాడోనని అందరం చూస్తుంటే, గుమ్మంలోంచి వచ్చి, ఒళ్ళు నిటారుగా బిగించి నిలబడి, మోకాలి దగ్గర వేలుపెట్టి పావు అన్నాడు, నడుం దగ్గర సగం అన్నాడు, గడ్డం దగ్గర ముప్పావు అన్నాడు. లీటరు ఎక్కడ సార్ అని చిటపట అడిగితే, దానికి టోపీ పెట్టుకోవాలి అన్నాడు. ఆ మనిషిలో అంత ఉందని ఆ బడిలో ఎవరూ అనుకోలేదట. నిండుకుండ తొణకదు అనుకున్నారు గాని, కొలపాత్రకు కూడా సరదాలుంటాయి.

చివర మూతల అధ్యాయం. ఒక పిల్లవాడు నెత్తిన అరచేయి పెట్టుకుని మూతనయ్యానన్నాడు. ఇన్‌స్పెక్టరమ్మకు అది నచ్చలేదు. కింద నీళ్ళు కాగుతుంటే మూత అలా ఊరుకోదు అంది. ముందు ఒక పక్క లేస్తుంది, ఆవిరి వదులుతుంది, మళ్ళీ పడుతుంది. ఎలాగో చెప్పబోయింది, మాటల్లో కుదరలేదు. చేతిలో ఉన్న పుస్తకాన్ని బల్లమీద బోర్లా పెట్టేసింది. రెండు అరచేతులూ ఒకదానిమీద ఒకటి ఆనించి, అంచులు టకటకలాడిస్తూ, పెదవులతో ఆవిరి వదులుతూ చూపించింది. భుజాలు కూడా ఆ ఆటలో కలిశాయి. పిల్లలు ఆమె చుట్టూ మూగారు.

నేను మూతను చూడడం మాని గుసగుస టీచర్‌ను చూశాను. ఆవిడ కూడా మూతను చూడడం లేదు. బల్లమీద బోర్లా పడి ఉన్న పుస్తకాన్ని చూస్తోంది. కల్వర్టు గోడమీద, గడ్డిలో పడ్డ పుస్తకాన్ని చూసినప్పటి మురిపెమే మొహంలో ఉంది.

గంట కొట్టాక ఇన్‌స్పెక్టరమ్మ జుట్టు సర్దుకుని మళ్ళీ మాట పొదుపు మనిషి అయిపోయింది. ఈ పీరియడ్ ఉంటుంది అని హెడ్మాస్టరుతో చెప్పింది. అల్మారాలో మాత్రం సగానికి పైగా అనవసరం, తీసేయండి అంది. ఆయన వదినవైపు చూశాడు. ఆవిడ అలాగే సార్ అన్నట్టు తలవంచింది, తప్పు చేసింది తనే అయినట్టు. ఆయన అంతకంటే తలవంచాడు. లెక్కల మాస్టారు తన కుర్చీ తనే మోసుకుని వెళుతూ, వచ్చే శుక్రవారం కూడా పాత్రలేనా అని మాటవరసకు అడిగినట్టు అడిగాడు.

సాయంత్రం ఆవిడ నన్ను బస్సు దాకా సాగనంపడానికి వచ్చింది. అసలు పని సాగనంపడం కాదు, తిప్పి పంపాల్సిన పుస్తకాల మూట నాచేత మోయించడం. ముందుకు పోయే ప్రయాణం మానుకుని నేను తిరిగి పోయేది ఆ పెద్ద ఊరిమీదుగానే. మూటలో బంగారు అక్షరాల చరిత్ర ఉంది, రాజూ రాణీ ఉన్నారు. గిన్నె బొమ్మ పుస్తకం లేదు.

అంత గండంలో అంత ఉపాయం ఎలా తట్టిందమ్మా అని దారిలో అడిగాను. ఉపాయమేమీ కాదంది.

"నాకు తెలిసింది ఒకటే అన్నయ్యగారూ. ఎదుటివాళ్ళు మాట రాక ఆగిపోతే అందించడం. అక్కడ అందరూ ఒకేసారి ఆగిపోయారు. దగ్గరున్నది చిటపట, దానికి అందించాను." కాసేపు నడిచాక మళ్ళీ అంది, "సంచిలో పిల్లలకివ్వకుండా పక్కన పడేసింది అదొక్కటే. మిగతావన్నీ పరీక్ష చేశాను, చూడండి."

పిల్లలు చేతిలోకి తీసుకోకముందే పుస్తకాన్ని తీసెయ్యకూడదని ఈ వయసులో తెలిసిందంటూ తన నెత్తిన తనే మొట్టుకుంది. ఇకమీదట వంటింటి పుస్తకాలు, రేడియో బాగుచేసే పుస్తకాలు, తోటపని పుస్తకాలు, ఏవీ వదలనంది. విత్తనాలు ఎంత లోతున నాటాలో చెప్పే పుస్తకమైతే పిల్లలచేత ఏం చేయించవచ్చో చెప్పడం మొదలుపెట్టి, బస్సుస్టాపు వచ్చేదాకా ఆపలేదు.

స్టాపులో నిలబడ్డాక, ఇంత మంచి రోజు చూపించిన మనిషికి నాలుగు మాటలైనా చెప్పాలనిపించింది. ఊళ్ళు తిరిగి తిరిగి వీడ్కోలు ప్రసంగాల్లో ఆరితేరినవాణ్ణి. మూట కింద పెట్టి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. అమ్మా, ఎన్నో ఊళ్ళు చూశాను, ఎంతోమంది పండితులను చూశాను, కానీ నీలాంటి మనిషి ఎదురైనప్పుడు మాత్రం నాకు, నాకు, అంటూ ఆగిపోయాను. సరైన మాట నాలుక చివర ఉంది, రావడం లేదు.

ఆవిడ నా మొహంలోకే చూస్తోంది. పెదవులు కదిలాయి, ఒక్క అక్షరం పోకుండా.

"బస్సు."

"నాకు బస్సు!" అన్నాను నేను చేయెత్తి, స్టాపంతా దద్దరిల్లేలా.

వెనకనుంచి హారను మోగింది. నిజంగానే బస్సు వచ్చి నా వీపు దగ్గర ఆగి ఉంది. కండక్టరు నవ్వుతున్నాడు, ఎక్కేవాళ్ళూ నవ్వుతున్నారు. మూట అందుకుని, మెట్టుమీద కాలుపెట్టి వెనక్కి తిరిగేసరికి ఆవిడ అప్పటికే రోడ్డు దాటి, మెడలో కళ్ళజోడు ఊగుతుండగా, పాత పుస్తకాలు అమ్మే బండివైపు నడిచిపోతోంది. వెనక్కి చూడలేదు.